సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్‌ను భద్రతా కోడ్‌లో సరిగ్గా గుర్తించడం ఎలా?

డిజిటల్ సర్టిఫికెట్ అంటే ఒక పబ్లిక్ కీ (సంతకాలను సరిచూడటానికి అందరికీ ఇచ్చే కీ) ఎవరిదో చెప్పే, సంతకం చేసిన పత్రం. అందులో సబ్జెక్ట్ (పుచ్చుకున్నవారు) పేరు, ఇష్యూయర్ (ఇచ్చినవారు) పేరు ఒకటే అయితే అది సెల్ఫ్‌సైన్డ్, అంటే తన కీతో తానే సంతకం చేసుకున్నది. ఈ వాక్యాన్ని ఒక్క పోలికగా మార్చి భద్రతా కోడ్‌లో పెట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ పెట్టాను. రెండేళ్లు ఎవరికీ ఇబ్బంది కలగలేదు. ఆ తర్వాత మేము సేవలందించే ఒక సంస్థ తన రూట్ కీని, అంటే తన సర్టిఫికెట్లన్నిటికీ మూలమైన సంతకపు కీని, మార్చుకుంది. పాత కీని నమ్మే యంత్రాలు కొత్త కీని కూడా నమ్మాలని, కొత్త కీ మీద పాత కీతో సంతకం చేసి ఒక వారధి సర్టిఫికెట్ ఇచ్చింది. సంస్థ పేరు మారలేదు కాబట్టి అందులో సబ్జెక్ట్, ఇష్యూయర్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. మా కోడ్ దాన్ని చూసి, రూట్ దొరికిందనుకుని సర్టిఫికెట్ల గొలుసును, అంటే ఒక్కోదానికి ఎవరు సంతకం చేశారో పైకి వెతుక్కుంటూ వెళ్లే వరుసను, అక్కడే ఆపేసింది. అసలు రూట్ ఒక్క మెట్టు పైన, నమ్మకమైన జాబితాలోనే ఉంది. అయినా ఆ రాత్రి అప్‌డేట్లు అందుకోవలసిన యంత్రాలన్నీ వాటిని తిరస్కరించాయి.

ఆ రాత్రి తర్వాత లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం), ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (విరివిగా వాడే క్రిప్టో లైబ్రరీ), ఆపిల్ విడుదల చేసిన భద్రతా కోడ్, విండోస్ క్రిప్టో ఇంటర్‌ఫేస్‌ల పత్రాలు ముందు పెట్టుకుని, ఈ చిన్న ప్రశ్నకు ఎవరు ఎలా జవాబిస్తున్నారో వరుసగా చదివాను. ఆ చదువులో తేలిన పద్ధతిని ఇక్కడ అడుగడుగునా రాస్తున్నాను. భాష ఏదైనా పద్ధతి ఇదే.

కోడ్ రాయకముందు: ప్రశ్నలు మూడు

కలిపేయకూడని మూడు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఈ సర్టిఫికెట్‌లో ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు ఒకరేనా? దీన్ని సెల్ఫ్‌ఇష్యూడ్ అంటారు. రెండోది, ఇందులో ఉన్న పబ్లిక్ కీతోనే ఇందులోని సంతకం సరిపోతుందా? సరిపోతే సెల్ఫ్‌సైన్డ్. మూడోది, దీన్ని నమ్మవచ్చా?

2008 మే నెలలో వచ్చిన, ఇంటర్నెట్ సర్టిఫికెట్ల ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 5280 మొదటి రెండింటినీ స్పష్టంగా వేరు చేసింది. సెల్ఫ్‌సైన్డ్ అయిన ప్రతిదీ సెల్ఫ్‌ఇష్యూడ్ అవుతుంది. సెల్ఫ్‌ఇష్యూడ్ అయిన ప్రతిదీ సెల్ఫ్‌సైన్డ్ కాదు. నన్ను దెబ్బతీసిన వారధి సర్టిఫికెట్ సరిగ్గా ఈ రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది.

మూడో ప్రశ్న వేరే లోకం. మన దేశంలో టెండర్లు వేసేవాళ్లు, కంపెనీల ఆడిటర్లు వాడే డిజిటల్ సంతకపు యూఎస్‌బీ టోకెన్‌లను చూడండి. వాటిలోని సర్టిఫికెట్ గొలుసు పైకి వెళ్లి, 2000 నాటి ఐటీ చట్టం కింద ఏర్పడ్డ కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ నడిపే ‘సీసీఏ ఇండియా’ రూట్ దగ్గర ముగుస్తుంది. ఆ రూట్ సెల్ఫ్‌సైన్డే. దాని పైన సంతకం చేసేవారు ఇంకెవరూ లేరు. మీ ఫోనులోని ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కూ సంతకం చేసిన సర్టిఫికెట్ కూడా సాధారణంగా సెల్ఫ్‌సైన్డే. అక్కడ అది ఎవరి యాప్ అని నిరూపించదు, నిన్నటి యాప్‌ను చేసినవారే నేటి అప్‌డేట్‌నూ చేశారని మాత్రం చూపిస్తుంది.

మరోవైపు 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లలో ముందే ఎక్కించిన సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రామ్ రూట్ బయటపడింది. అదీ సెల్ఫ్‌సైన్డే. అన్ని ల్యాప్‌టాప్‌లలోనూ ఒకే ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య కీ) ఉండటంతో, ఎవరైనా దాన్ని బయటికి తీసి ఏ వెబ్‌సైట్ పేరుతోనైనా నకిలీ సర్టిఫికెట్ తయారు చేయగలిగే పరిస్థితి వచ్చింది. దీనికి ఎదురు కోణం 2014 జులైలో మన దేశంలోనే కనిపించింది. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ సర్టిఫికెట్ వ్యవస్థ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయి. వాటిలో ఏదీ సెల్ఫ్‌సైన్డ్ కాదు. గొలుసు సక్రమంగా సీసీఏ రూట్ వరకూ వెళ్లేది, ఆ రూట్‌ను విండోస్ నమ్మేది.

కాబట్టి మీ ఫంక్షన్ రెండో ప్రశ్నకు మాత్రమే జవాబివ్వాలి. ‘సెల్ఫ్‌సైన్డ్ అయితే తిరస్కరించు’ అనే వాక్యం దాని లోపల ఉండకూడదు. విండోస్ ఈ విభజనను అందంగా చేసింది. గొలుసు కట్టిన తర్వాత ప్రతి సర్టిఫికెట్‌కూ రెండు వేర్వేరు గడులలో స్థితి చెబుతుంది. ‘సెల్ఫ్‌సైన్డ్’ అనేది సమాచారపు గడిలో ఉంటుంది, ‘నమ్మని రూట్’ అనేది దోషాల గడిలో ఉంటుంది. మీ ఇంటర్‌ఫేస్‌ను కూడా ఇలాగే గీసుకోండి.

మొదటి అడుగు: బైట్లను విడదీయడం, అసలును దాచుకోవడం

సర్టిఫికెట్ అంటే డీఈఆర్ పద్ధతిలో కూర్చిన బైట్ల వరుస. అందులో మూడు భాగాలు: సంతకం చేయవలసిన దేహం, అల్గోరిథం పేరు, సంతకం. దేహాన్ని వృత్తిలో టీబీఎస్ అంటారు. వెర్షన్, సీరియల్ నంబర్, ఇష్యూయర్, గడువు, సబ్జెక్ట్, పబ్లిక్ కీ, ఎక్స్‌టెన్షన్లు (అదనపు సమాచారపు గడులు) అన్నీ అందులోనే ఉంటాయి.

పార్స్ చేసేటప్పుడు, అంటే బైట్లను విడదీసి చదివేటప్పుడు, నాలుగింటి అసలు బైట్లను చెక్కుచెదరకుండా పట్టుకోండి: టీబీఎస్ మొత్తం, సబ్జెక్ట్, ఇష్యూయర్, పబ్లిక్ కీ సమాచారం. వీటిని మీ స్ట్రక్చర్‌లోకి మార్చుకుని, తర్వాత మళ్లీ డీఈఆర్‌గా కూర్చి హాష్ (బైట్ల సంక్షిప్త ముద్ర) తీయాలని చూడవద్దు. అసలు ఫైలులో చిన్న ఎన్‌కోడింగ్ తేడా ఉంటే మీరు కూర్చిన బైట్లు వేరవుతాయి, సరైన సంతకం కూడా తప్పని తేలుతుంది. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, మీరు సంతకం సరిచూసిన బైట్లు ఒకటి, తర్వాత వాడుకునే విలువలు మరొకటి కావచ్చు.

అల్గోరిథం పేరు సర్టిఫికెట్‌లో రెండు చోట్ల ఉంటుంది: ఒకటి టీబీఎస్ లోపల, మరొకటి బయట. బయటిది సంతకపు రక్షణలో లేదు. రెండూ సమానం కాకపోతే సర్టిఫికెట్‌ను అక్కడే తిరస్కరించండి. లినక్స్ కెర్నెల్ పార్సర్ ఇదే చేస్తుంది.

ఈ దశను తేలిగ్గా తీసుకోవద్దు. కెర్నెల్ లోపల నడిచే పార్సర్‌కు దాడి చేసేవాడు పంపిన బైట్లే మేత. ఈ బైట్లను విప్పే లినక్స్ ఏఎస్‌ఎన్.1 డీకోడర్‌లో పొడవు లెక్కింపులో దొర్లిన ఓవర్‌ఫ్లో, సీవీఈ-2016-0758 (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే సంఖ్య), స్థానిక వాడుకరికి అధికారం పెంచుకునే దారి తెరిచింది. దాన్ని 4.6 వెర్షన్‌లో సరిదిద్దారు. పొడవులను ప్రతిసారీ మిగిలిన బైట్లతో పోల్చండి, సర్టిఫికెట్ ముగిశాక అదనపు బైట్లు మిగిలితే ఒప్పుకోకండి.

రెండో అడుగు: పేర్ల పోలిక

ఇది వడపోత మాత్రమే, తీర్పు కాదు. పేర్లు కలవకపోతే సెల్ఫ్‌సైన్డ్ కాదని ఇక్కడే చెప్పి బయటికి రావచ్చు. మామూలు సర్టిఫికెట్లలో అధిక భాగం ఈ గుమ్మం దగ్గరే తేలిపోతాయి, ఖరీదైన సంతక పరీక్ష అవసరమే రాదు. పేర్లు కలిస్తే అది ‘కావచ్చు’ అన్న స్థితి.

పోలిక ఎలా చేయాలన్నది మీరు నిర్ణయించుకోవాలి. ఇక్కడ రెండు సంప్రదాయాలున్నాయి. లినక్స్ కెర్నెల్ రెండు పేర్ల పొడవులను చూసి, సమానమైతే అసలు బైట్లను నేరుగా పోలుస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, ఆపిల్ కోడ్ ముందు పేర్లను ఒక ప్రామాణిక రూపంలోకి తెచ్చి, అప్పుడు పోలుస్తాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ రూపంలో ఆంగ్ల పెద్దక్షరాలు చిన్నవవుతాయి, వరుస ఖాళీలు ఒక్కటవుతాయి, వేర్వేరు స్ట్రింగ్ రకాలు యూటీఎఫ్-8లోకి మారుతాయి. ఆర్‌ఎఫ్‌సీ 5280 కూడా పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకోవద్దంటుంది.

కెర్నెల్ లోపల అయితే నేను బైట్ల పోలికవైపే మొగ్గుతాను. యూనికోడ్ సాధారణీకరణను కెర్నెల్‌లోకి లాక్కొస్తే దాడికి కొత్త వైశాల్యం ఇచ్చినట్టే. ఒకే సంస్థ ఒకే పరికరంతో తయారుచేసిన రూట్‌లో సబ్జెక్ట్, ఇష్యూయర్ ఎన్‌కోడింగ్ వేరయ్యే అవకాశమూ తక్కువ. యూజర్ స్థాయి లైబ్రరీ అయితే, ప్రపంచంలోని పాత సర్టిఫికెట్లన్నీ మీ గుమ్మానికే వస్తాయి కాబట్టి సాధారణీకరణ కావాలి. ఏది ఎంచుకున్నా, గొలుసు కట్టే కోడ్ కూడా అదే ఫంక్షన్‌ను పిలవాలి. ఒకచోట బైట్లు, మరోచోట ప్రామాణిక రూపం పోల్చే కోడ్‌లో ఒకే సర్టిఫికెట్ ఒకరి కళ్లకు రూట్‌గా, ఇంకొకరి కళ్లకు అనాథగా కనిపిస్తుంది.

ఒక మూల మరచిపోవద్దు: ఖాళీ పేరు. రెండు ఖాళీ వరుసలు బైటు బైటుకూ సమానమే. ఇష్యూయర్ ఖాళీగా ఉండకూడదని ప్రమాణం చెబుతుంది కాబట్టి, ఖాళీ ఇష్యూయర్‌ను పార్సింగ్‌లోనే తోసిపుచ్చండి.

మూడో అడుగు: కీ గుర్తులు

వెర్షన్ 3 సర్టిఫికెట్లలో రెండు ఎక్స్‌టెన్షన్లు సాయపడతాయి. సబ్జెక్ట్ కీ ఐడెంటిఫైయర్ ఈ సర్టిఫికెట్‌లోని కీకి గుర్తు. అథారిటీ కీ ఐడెంటిఫైయర్ దీనికి సంతకం చేసిన కీకి గుర్తు. రెండోదానిలో రెండు రకాల ఆనవాళ్లు ఉండవచ్చు: ఒకటి కీ గుర్తు, రెండోది సంతకం చేసిన సర్టిఫికెట్ ఇష్యూయర్ పేరు, సీరియల్ నంబర్ల జంట.

సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్‌లో అథారిటీ గుర్తు లేకపోయినా తప్పు కాదు, ప్రమాణం అందుకు అనుమతిస్తుంది. పాత వెర్షన్ 1 రూట్‌లలో ఎక్స్‌టెన్షన్లే ఉండవు. లేనిచోట ఏమీ తేల్చకుండా ముందుకు సాగండి. ఉన్నచోట మాత్రం గట్టిగా చూడండి.

ఇక్కడ లినక్స్ కెర్నెల్‌లోని ఎక్స్509_చెక్_ఫర్_సెల్ఫ్_సైన్డ్ ఫంక్షన్ చదవదగ్గది. ఒక్క తెర మీద పట్టేంత చిన్నది. అథారిటీ ఆనవాళ్లలో ఏదైనా ఉంటే రెండు పోలికలు చేస్తుంది. రెండూ కలవకపోతే ‘సెల్ఫ్‌సైన్డ్ కాదు’ అని నెమ్మదిగా తప్పుకుంటుంది. అది దోషం కాదు, వేరే కీ సంతకం చేసిందన్న సమాచారం. అయితే రెండు ఆనవాళ్లూ ఉండి, ఒకటి కలిసి మరొకటి కలవకపోతే సర్టిఫికెట్‌నే తిరస్కరిస్తుంది. తనలో తానే విభేదించే పత్రాన్ని నమ్మి ముందుకు వెళ్లకూడదన్నది ఆ నిర్ణయం. నాకు అది సరైనదనిపిస్తుంది.

నా వారధి సర్టిఫికెట్ ఈ కోడ్‌లోకి వస్తే ఏమయ్యేది? అథారిటీ గుర్తు పాత కీది, సబ్జెక్ట్ గుర్తు కొత్త కీది. రెండూ కలవవు కాబట్టి సెల్ఫ్‌సైన్డ్ కాదని తేలి, గొలుసు పై మెట్టుకు సాగేది. అదే వారధిలో అథారిటీ గుర్తు పెట్టడం మరచి ఉంటే? పేర్లు కలుస్తాయి, ఆనవాళ్లు లేవు, నేరుగా సంతక పరీక్షకు వెళుతుంది, కొత్త కీతో పాత కీ సంతకం కలవదు. అప్పుడు కెర్నెల్ దాన్ని ‘సెల్ఫ్‌సైన్డ్ కాదు’ అని వదిలిపెట్టదు, దోషంగా లెక్కించి పార్సింగ్‌నే ఆపేస్తుంది. సర్టిఫికెట్ ఇచ్చేవారికి ఇందులో ఒక పాఠం ఉంది: రూట్ కీ మార్చేటప్పుడు వారధి సర్టిఫికెట్‌లో అథారిటీ గుర్తు తప్పకుండా ఉంచండి.

కీ గుర్తులు కలిశాయి కదా అని ఆగిపోకూడదు. ఆ గుర్తులు సర్టిఫికెట్ రాసినవారు స్వయంగా పెట్టిన బైట్లు. ఎవరైనా ఏ విలువైనా రాయవచ్చు. అవి దారి చూపే సూచనలు, సాక్ష్యం కాదు.

నాలుగో అడుగు: సంతకం చూసే ముందు కీని అనుమానించడం

ఈ దశను చాలామంది దాటవేస్తారు, అందుకే కాస్త ఆగి చెబుతాను. మామూలు గొలుసులో పై మెట్టు కీతో కింది మెట్టు సంతకం చూస్తాం. సెల్ఫ్‌సైన్డ్ పరీక్షలో అలా కాదు. ఎదుటివాడు పంపిన సంతకాన్ని, అతడే పంపిన కీతో, అతడే ఎంచుకున్న అల్గోరిథంతో చూస్తున్నాం. లెక్కంతా అతడి చేతిలో ఉంది. నమ్మకం ఏర్పడకముందే మన ప్రాసెసర్ సమయాన్ని, మన గణిత లైబ్రరీని అతడికి అప్పగిస్తున్నాం.

2022 మార్చిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో సరిదిద్దిన సీవీఈ-2022-0778 ఇందుకు ఉదాహరణ. వర్గమూలం లెక్కించే ఫంక్షన్‌కు ప్రధాన సంఖ్య కాని విలువ వస్తే, అది అంతులేని చుట్టులో చిక్కుకునేది. ఎలిప్టిక్ కర్వ్ (ఒక రకం కీల వెనుక ఉన్న గణితం) పరామితులను సర్టిఫికెట్‌లోనే విడివిడిగా రాసి పంపితే ఆ ఫంక్షన్‌ను చేరవచ్చు. సంతకం చూడటానికి ముందే, కీని విప్పే దశలోనే ప్రోగ్రామ్ నిలిచిపోయేది.

కాబట్టి సంతకానికి ముందు ఈ కాపలాలు పెట్టండి. ఆర్‌ఎస్‌ఏ అనే మరో రకం కీ పొడవుకు ఒక గరిష్ఠ పరిమితి ఉండాలి. ఎలిప్టిక్ కర్వ్‌ను పేరుతో చెప్పినప్పుడే ఒప్పుకోవాలి, పరామితులను విడిగా రాసినదాన్ని నిరాకరించాలి. కీ రకం, సంతకం రకం ఒకే కుటుంబానికి చెందాలి. ఆర్‌ఎస్‌ఏ కీ ఉన్న సర్టిఫికెట్ మీద ఈసీడీఎస్‌ఏ (ఎలిప్టిక్ కర్వ్ కీతో చేసే) సంతకం ఉంటే, అది తన కీతో చేసుకున్నది కానే కాదు, లెక్క అవసరం లేదు. కీ మార్పిడికి మాత్రమే పనికొచ్చే ఎక్స్25519 లాంటి కీలు అసలు సంతకం చేయలేవు. ఒక చిన్న మినహాయింపు: మామూలు ఆర్‌ఎస్‌ఏ గుర్తు ఉన్న కీతో పీఎస్‌ఎస్ (ఆర్‌ఎస్‌ఏలోనే మరో పద్ధతి) సంతకం చేయడం సక్రమమే. పేర్లు వేరని దాన్ని తోసేయకండి.

ఐదో అడుగు: సంతకం, మూడు జవాబులు

ఇప్పుడు అసలు పరీక్ష. దాచుకున్న టీబీఎస్ బైట్ల హాష్ తీసి, అదే సర్టిఫికెట్‌లోని పబ్లిక్ కీతో సంతకాన్ని సరిచూడండి. అవును, కాదు అన్న రెండు జవాబులు ఇక్కడ చాలవు. మూడోది కావాలి: తెలియదు. అల్గోరిథం మన దగ్గర లేకపోవచ్చు, మెమరీ దొరకకపోవచ్చు, హార్డ్‌వేర్ క్రిప్టో యూనిట్ స్పందించకపోవచ్చు.

ఫంక్షన్ ఆకారం ఇలా ఉంటుంది:

పేర్లు వేరైతే: కాదు.
కీ ఆనవాళ్లు ఉండి, ఏదీ కలవకపోతే: కాదు.
ఆనవాళ్లు పరస్పరం విభేదిస్తే: చెల్లని సర్టిఫికెట్.
కీ, సంతకాల కుటుంబాలు వేరైతే: కాదు.
అల్గోరిథం తెలియకపోతే: తెలియదు.
సంతకం కలిస్తే: అవును.
సంతకం కలవకపోతే: కాదు, కారణంతో సహా.
లెక్క మధ్యలో వేరే వైఫల్యం వస్తే: తెలియదు, దోష సంఖ్యతో సహా.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3.0తో 2021లో వచ్చిన ఎక్స్509_సెల్ఫ్_సైన్డ్ ఫంక్షన్ ఇదే దారిలో ఉంది. అవును అయితే 1, కాదంటే 0, వైఫల్యమైతే రుణ సంఖ్య ఇస్తుంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. సీ భాషలో సున్నా కాని ప్రతిదీ నిజమే. ఆ ఫంక్షన్‌ను నేరుగా ‘ఇఫ్’లో పెడితే రుణ సంఖ్య కూడా ‘అవును’ అవుతుంది. 1తో సమానమా అని రాయండి. దానికి రెండో పారామీటర్ కూడా ఉంది. 0 ఇస్తే పేర్లు, గుర్తులు, అల్గోరిథం వరకే చూసి ఆగుతుంది, 1 ఇస్తేనే సంతకం చూస్తుంది. ఆ 0, 1ల తేడా తెలియకుండా పిలిచిన కోడ్‌ను నేను సమీక్షల్లో పదేపదే చూశాను.

లినక్స్ కెర్నెల్ మూడో జవాబును తనదైన తీరులో పలుకుతుంది. అల్గోరిథం తనకు చేతకాకపోతే, సంతకం మద్దతు లేనిదని సర్టిఫికెట్ మీద గుర్తు వేసి, సెల్ఫ్‌సైన్డ్ గుర్తు వేయకుండా, దోషం చూపకుండా తిరిగొస్తుంది. తెలియనిదాన్ని ‘అవును’ చేయలేదు, అలాగని పార్సింగ్‌నూ ఆపలేదు.

ఫలితం దారి తప్పితే ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో ఆపిల్ సరిదిద్దిన సీవీఈ-2014-1266 చూపింది. ఒకే ‘గోటూ ఫెయిల్’ వాక్యం రెండుసార్లు పడటంతో, అసలు సంతక పరీక్షకు చేరకముందే ఫంక్షన్ ముగిసేది. అప్పటికి దోష చరరాశిలో ఉన్న విలువ 0, అంటే విజయం. కాబట్టి ఫలితపు చరరాశిని మొదట వైఫల్యంతో నింపండి. పరీక్ష పూర్తయిన ఒక్క చోట మాత్రమే దాన్ని విజయంగా మార్చండి.

ఆరో అడుగు: జవాబును గుర్తుపెట్టుకోవడం

సంతక పరీక్ష ఖరీదైనది, గొలుసు కట్టేటప్పుడు ఒకే సర్టిఫికెట్‌ను పదిసార్లు అడగవలసి రావచ్చు. ఆపిల్ పాత మ్యాక్ కోడ్‌లో టీపీసర్ట్‌ఇన్ఫో అనే క్లాస్ దీన్ని నాలుగు స్థితులతో సాధించింది: తెలియదు, పేర్లు కలిశాయి, రూట్ అవును, రూట్ కాదు. సెల్ఫ్‌సైన్డా అని అడిగినప్పుడు, సంతకం చూడవద్దని పిలిచేవారు చెబితే ‘పేర్లు కలిశాయి’ స్థితినే ‘అవును’గా ఇస్తుంది. లేకపోతే సంతకం చూసి, ఫలితాన్ని శాశ్వతంగా రాసుకుంటుంది.

నాలుగు స్థితుల ఆలోచన నాకు నచ్చింది. ఒక మార్పు మాత్రం సూచిస్తాను. ‘పేర్లు కలిశాయి’ అన్నదాన్ని ‘అవును’ అనే అదే బూలియన్‌లో బయటికి ఇవ్వవద్దు. రెండు ఫంక్షన్లు చేయండి: ‘సెల్ఫ్‌ఇష్యూడా’ ఒకటి, ‘సెల్ఫ్‌సైన్డా’ ఒకటి. పిలిచేవారు తమకేం కావాలో పేరుతోనే చెప్పుకోవలసి వస్తుంది. సమీక్షకుడికి కూడా ఆ వరుస చదవగానే తేడా కనిపిస్తుంది.

తాత్కాలిక వైఫల్యాన్ని మాత్రం గుర్తుపెట్టుకోకండి. మెమరీ దొరకని క్షణంలో వచ్చిన ‘తెలియదు’ను ‘కాదు’గా రాసుకుంటే, మళ్లీ బూట్ చేసేదాకా ఆ తప్పు నిలిచిపోతుంది.

ఏడో అడుగు: జవాబును వాడుకోవడం

సెల్ఫ్‌సైన్డ్ అని తేలిందంటే గొలుసు ఇక పైకి వెళ్లదని అర్థం. అంతవరకే. విండోస్‌లో ఇచ్చినవారి సర్టిఫికెట్‌ను వెతికే ఫంక్షన్ ఈ సందర్భంలో ఏమీ ఇవ్వకుండా, కారణంగా ‘క్రిప్ట్_ఈ_సెల్ఫ్_సైన్డ్’ సంకేతం వదులుతుంది. అక్కడ అది గొలుసు ముగింపుకు గుర్తు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంఖ్యలు మూడు గుర్తుంటే లాగ్ చదవడం సులువవుతుంది. 18 అంటే మీకు అందిన ఒక్క సర్టిఫికెట్టే సెల్ఫ్‌సైన్డ్, నమ్మకమైన జాబితాలో లేదు. 19 అంటే గొలుసు చివర సెల్ఫ్‌సైన్డ్ రూట్ ఉంది, జాబితాలో లేదు. 20 అంటే ఇచ్చినవారి సర్టిఫికెట్టే దొరకలేదు. 20 వచ్చినప్పుడు సెల్ఫ్‌సైన్డ్ సమస్య అనుకుని వెతకడం వృథా, చాలాసార్లు సర్వర్ మధ్య మెట్టు సర్టిఫికెట్‌ను పంపలేదని అర్థం.

జాబితాలో ఉందో లేదో చూసేటప్పుడు పేరుతో, కీ గుర్తుతో, ఒట్టి పబ్లిక్ కీతో వెతికి ఆగకండి. సర్టిఫికెట్ మొత్తం బైట్లను లేదా వాటి హాష్‌ను పోల్చండి. దీనికి కారణం 2020 జనవరి 14న మైక్రోసాఫ్ట్ సరిదిద్దిన సీవీఈ-2020-0601, దీన్నే కర్వ్‌బాల్ అన్నారు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ దీన్ని మైక్రోసాఫ్ట్‌కు తెలియజేసింది. ఎలిప్టిక్ కర్వ్‌లో పబ్లిక్ కీ అంటే ప్రైవేట్ సంఖ్యను ఒక ఆధార బిందువుతో గుణించిన ఫలితం. దాడి చేసేవాడు అసలు రూట్ పబ్లిక్ కీని అలాగే ఉంచి, ఆధార బిందువుగా ఆ పబ్లిక్ కీనే పెట్టుకుంటే, ప్రైవేట్ సంఖ్య 1 అయిపోతుంది. ఆ 1తో అతడు తయారుచేసిన నకిలీ రూట్ నిజంగానే సెల్ఫ్‌సైన్డ్, సంతకం గణితపరంగా సరిపోతుంది. విండోస్ 10 కోడ్ పబ్లిక్ కీని పోల్చింది, పరామితులను పోల్చలేదు. సంతక పరీక్షలో నెగ్గిన నకిలీ, జాబితాతో పోల్చే ఈ అడుగులోనైనా పట్టుబడాల్సింది, పట్టుబడలేదు.

జాబితాలో ఉన్న రూట్ సంతకాన్ని మళ్లీ చూడాలా? అవసరం లేదు. నమ్మకం ఆ జాబితా నుంచి వచ్చింది, ఆ సంతకం నుంచి కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అలవాటుగా రూట్ సంతకాన్ని చూడదు, ప్రత్యేకంగా అడిగితేనే చూస్తుంది. పాత రూట్‌లు షా-1 అనే బలహీనపడ్డ హాష్‌తో సంతకం చేసుకున్నా చెల్లుబాటు కావడానికి కారణం ఇదే.

ఎనిమిదో అడుగు: పరీక్షా సర్టిఫికెట్లు

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఆదేశాలతో ఒక సాయంత్రంలో తయారుచేసుకోవచ్చు. ‘రెక్’ ఆదేశానికి ‘ఎక్స్509’ ఎంపిక ఇచ్చి ఆర్‌ఎస్‌ఏ 2048తో ఒకటి, పీ-256 కర్వ్‌తో ఒకటి మామూలు సెల్ఫ్‌సైన్డ్‌లు చేయండి. వాటితో సంతకం చేసిన ఒక మామూలు సర్టిఫికెట్ చేయండి.

తర్వాత అసలైనవి. అదే సబ్జెక్ట్ పేరుతో కొత్త కీ సృష్టించి, దాని అభ్యర్థన ఫైలు మీద పాత కీతో సంతకం చేయండి. ఎక్స్‌టెన్షన్ ఫైలులో అథారిటీ కీ ఐడెంటిఫైయర్ ఉంచి ఒకటి, తీసేసి ఒకటి. నన్ను ఆ రాత్రి మేల్కొలిపినది మొదటిది.

సంతకం చెడిన సర్టిఫికెట్ చేయడానికి సులువైన చిట్కా ఉంది. డీఈఆర్ ఫైలులో సంతకమే చివరి భాగం కాబట్టి, ఫైలులో చిట్టచివరి బైటును మార్చితే చాలు. పార్సింగ్ చెడదు, సంతకం మాత్రం చెడుతుంది. పేర్లు చూసి ఆగే కోడ్ దీన్ని సెల్ఫ్‌సైన్డ్ అంటుంది, మీ కోడ్ కాదనాలి. ఇదే ఫైలును నమ్మకమైన జాబితాగా కూడా ఇచ్చి ‘వెరిఫై’ ఆదేశం నడిపితే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సరేనంటుంది. సెల్ఫ్‌సైన్డ్ సంతకాన్ని కూడా చూడమనే ‘చెక్_ఎస్‌ఎస్_సిగ్’ ఎంపిక చేర్చితే తిరస్కరిస్తుంది. పైన చెప్పిన జాబితా సూత్రం మీ కళ్లముందే కనిపిస్తుంది.

ఇవి కాక ఎక్స్‌టెన్షన్లు లేని వెర్షన్ 1 రూట్, మీ కోడ్‌కు తెలియని అల్గోరిథంతో ఒకటి, సబ్జెక్ట్ ఒక స్ట్రింగ్ రకంలో, ఇష్యూయర్ మరో రకంలో ఉన్నది, లోపలి, బయటి అల్గోరిథం పేర్లు వేరైనది, 16384 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ ఉన్నది కూడా చేర్చండి. ప్రతిదానికీ మీరు ఆశించే జవాబును ముందే కాగితం మీద రాసుకోండి. స్ట్రింగ్ రకాల పరీక్ష దగ్గర మీ జట్టులో వాదన జరుగుతుంది. అక్కడ తేలిన నిర్ణయాన్ని, కారణంతో సహా ఫంక్షన్ పైన వ్యాఖ్యగా రాయండి.

చివరగా నిజమైన యంత్రం మీద చూడండి. 2012 డిసెంబరులో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నెల్ మాడ్యూళ్ల సంతకాలను సరిచూడగలదు. ఆ సౌకర్యాన్ని ఆన్ చేసి, సొంత కీ ఇవ్వకుండా మీరే కెర్నెల్ నిర్మిస్తే, నిర్మాణ సమయంలో అది తనకోసం ఒక సెల్ఫ్‌సైన్డ్ సర్టిఫికెట్ తయారుచేసుకుంటుంది. గడువు 36500 రోజులు. బూట్ సందేశాల్లో ‘బిల్డ్ టైమ్ ఆటోజనరేటెడ్ కెర్నెల్ కీ’ అన్న పేరు వెతకండి, ‘కీసీటీఎల్’ ఆదేశంతో బిల్ట్‌ఇన్ ట్రస్టెడ్ కీస్ అనే కీల వలయాన్ని తెరిచి చూడండి. ఆ సర్టిఫికెట్‌ను నిర్మాణ ఫోల్డర్ నుంచి తీసి మీ ఫంక్షన్‌కు ఇవ్వండి, ‘అవును’ రావాలి. తర్వాత దాని చివరి బైటు మార్చి, మళ్లీ ఇవ్వండి.